కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి తయారయ్యాడో లేదో టేప్ చూసి ఎలా తేల్చాలి?

కాకినాడ_కవర్2
ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) టీములు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరపడే కొద్దీ, పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్‌ల మీద ఇక్కడ ప్రతి చర్చా ఒకే దారిన పోతోంది. ఎన్ని టచ్‌డౌన్లు, కంప్లీషన్ (రిసీవర్‌కి అందిన పాసులు) ఎంత శాతం, ఎంత దూరం విసిరాడు. ఆ లెక్కన 2021లో మూడో పిక్‌గా వెళ్లిన ట్రే లాన్స్‌కి తిరుగే ఉండకూడదు. 2019లో నార్త్ డకోటా స్టేట్‌కి 287 పాసులు విసిరి ఒక్కటీ ఇంటర్‌సెప్ట్ కానివ్వలేదు, అంటే డిఫెన్స్ చేతికి చిక్కనివ్వలేదు. కాని కాలేజీ మొత్తం కలిపి అతను విసిరినవి 318 పాసులే. అతని కోసం 49ఎర్స్ తమ 12వ పిక్‌తో పాటు మరో రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చేశారు. చివరికి ఆ టీమును నడిపింది 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే ఆఖర్న, 262వ పిక్‌గా వచ్చిన బ్రాక్ పర్డీ.

టేప్ (ఆట వీడియో) ముందు కూర్చుంటే ఏ ఆటలు పెట్టుకోవాలి, ఏ ప్లేలు చూడాలి, కాగితం మీద ఏం రాసుకోవాలి? "మంచి లీడర్", "గుండె ధైర్యం" లాంటివి వద్దు. లెక్కపెట్టగలిగేవి చెప్పండి.

మూడోడౌన్
టైమ్ లేకపోతే మూడో డౌన్ (10 యార్డులకి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా 7 యార్డులు ఆపైన కావాల్సినవి మాత్రమే చూడండి. పాస్ వస్తుందని స్టేడియం మొత్తానికీ తెలుసు. అక్కడ దాక్కోవడానికి చోటుండదు.

ఆల్22_పంతులు
మూడోడౌన్ చెప్పింది నిజమే కాని అంతకంటే ముందు తీసివేతలు ఉన్నాయి. ఇవాళ కాలేజీ ఆటలో సగం పాసులు క్వార్టర్‌బ్యాక్ గురించి ఏమీ చెప్పవు. స్క్రీన్ పాసులు (బ్లాకర్ల వెనక ఉన్నవాడికి వేసే చిన్న పాసులు), జెట్ స్వీప్ పేరుతో పక్కనుంచి పరిగెత్తేవాడికి ముందుకు తోసే బంతులు, ఆర్‌పీఓలో (రన్నా పాసా అన్నది బంతి అందాక తేల్చే ప్లే) ఒక్క లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్ రెండో వరస ఆటగాడు) చూసి వేసే స్లాంట్లు (లోపలికి ఏటవాలుగా పోయే రూట్‌కి వేసే చిన్న పాసులు), ఇవన్నీ పక్కన పెట్టండి.

ఊరికే ఒక లెక్క చూడండి. ఒక కుర్రాడు 400 పాసుల్లో 280 కంప్లీట్ చేశాడు, అంటే 70 శాతం. అందులో 100 పాసులు లైన్ ఆఫ్ స్క్రిమేజ్ (ప్లే మొదలయ్యే గీత) దగ్గరో దాని వెనకో పడ్డాయి, 95 అందాయి. అవి తీసేస్తే మిగిలింది 300లో 185, అంటే 62 శాతం కూడా లేదు. 70 అనగానే ఎగిరి గంతేసినవాళ్లు అసలు చూడాల్సిన అంకె ఈ రెండోది.

ఆటల ఎంపిక: ఐదు చాలు. ఆ ఏడు ఎదుర్కొన్నవాటిలో గట్టి డిఫెన్స్ ఒకటి, బయటి మైదానంలో ఆడింది ఒకటి, అందరికంటే చెత్తగా ఆడింది ఒకటి, రెండు టచ్‌డౌన్లు వెనకబడి ఆడింది ఒకటి, సీజన్ చివరిది ఒకటి. హైలైట్ రీళ్ల జోలికి పోవద్దు. ఐదు ఆటల్లో తీసివేతలు పోగా నూటికి కాస్త అటూ ఇటూగా అసలు డ్రాప్‌బ్యాకులు (పాస్ కోసం వెనక్కి అడుగులేసిన ప్లేలు) మిగులుతాయి. వాటి మీదే మీ తీర్పు నిలబడాలి.

ప్రతి డ్రాప్‌బ్యాక్‌కీ రాయాల్సినవి: స్నాప్‌కి (బంతి ఆటలోకి వచ్చే క్షణం) ముందు సేఫ్టీలు (డిఫెన్స్‌లో అందరికంటే వెనక ఉండేవాళ్లు) ఇద్దరు లోతుగా ఉన్నారా ఒక్కడా, స్నాప్ తర్వాత ఏమైంది, బంతి ఎన్నో రీడ్‌కి (వరసగా చూసుకునే రిసీవర్లలో ఎన్నోవాడికి) వెళ్లింది, ప్రెషర్ (డిఫెన్స్ మీదికి రావడం) ఉందా, బంతి రిసీవర్ ఒంటి మీద ఎక్కడికి చేరింది. ఆఖర్న ఫలితం. ఫలితం గడి చివర్లో పెట్టడం ముఖ్యం. ముందే చూస్తే మిగతా గడులన్నీ దానికి వంగిపోతాయి.

స్లాంట్_శిరీష
పంతులు గారి తీసివేతలకి ఇంకొకటి కలపండి. కాలేజీలో పాస్ వెళ్లేలోగా లైన్‌మెన్ (ముందు నిలబడి బ్లాక్ చేసేవాళ్లు) 3 యార్డుల దాకా ముందుకు పోవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 యార్డే. కాలేజీలో ఆర్‌పీఓ అంత పండడానికి ఈ రెండు యార్డులు పెద్ద కారణం. లైన్ ముందుకు కదిలితే లైన్‌బ్యాకర్ అది రన్ అనుకుని దిగుతాడు, వాడి వెనక ఖాళీ. అదే ప్లే పైన, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ఆడితే బంతి ఇంకా త్వరగా వదలాలి, లేదంటే పెనాల్టీ జెండా పడుతుంది.

ఇంకొకటి, కాలేజీ లెక్కల్లో శాక్‌తో (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) పోయిన యార్డులు రన్నింగ్ ఖాతాలో కోత పడతాయి. పాసింగ్ అంకెలు చూసేవాడికి శాకులు కనపడనే కనపడవు. నేను మొదట చూసేది ప్రెషర్ వచ్చినప్పుడు ఎన్నిసార్లు శాక్ అయ్యాడన్నది. 100 ప్రెషర్లలో 15 దగ్గర ఉంటే సరే. 25 దాటితే లైన్‌ని తిట్టడం ఆపి ఆ కుర్రాడి కాళ్ల వైపు చూడాలి. కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెంట మోసుకొచ్చే అలవాట్లలో ఇది ముందుంటుంది.

గుంటూరు_గన్
ఇవన్నీ బాగానే ఉన్నాయి గాని చేతిలో బలం లేకపోతే ఏ రీడ్ ఏం చేస్తుందండీ? జాష్ అలెన్ వయోమింగ్‌లో 56 శాతం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రూకీ (మొదటి) ఏడాది 52.8. మీ గడుల్లో రాసుంటే 2018లో ఏడో పిక్‌గా కాదు కదా, మూడో రౌండ్‌లో కూడా తీసుకునేవాళ్లు కాదు. 2020కి 69.2 శాతం. చెయ్యి దేవుడిచ్చేది, మిగతావి కోచ్ నేర్పుతాడు.

ఆల్22_పంతులు
అలెన్ పేరు వస్తుందని తెలుసు. గన్ గారూ, అదే మాట నమ్మి 2023లో ఆంటొనీ రిచర్డ్‌సన్‌ని నాలుగో పిక్‌గా తీసుకున్నారు. ఫ్లోరిడాలో 13 స్టార్ట్‌లు (మొదటినుంచీ దిగి ఆడిన ఆటలు), 2022లో 53.8 శాతం. 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 47.7. చెయ్యి అలెన్‌కి ఏమాత్రం తీసిపోదు.

అలెన్ విషయంలో అడుగులు మార్చారు. ముందు కాలు లక్ష్యానికి అడ్డంగా పడి నడుము తిరిగేది కాదు, బంతి పైకి లేచిపోయేది. అది సరిదిద్దగలిగే తప్పు. టేప్‌లో తేడా పట్టుకోవాలి: తప్పిన బంతులన్నీ ఒకే వైపు తప్పుతుంటే అది అడుగుల జబ్బు, మందుంది. ఒకటి పైకి, ఒకటి వెనక్కి, ఒకటి నేలకి పోతుంటే మందు దొరకడం కష్టం.

గుంటూరు_గన్
తప్పే దిక్కు రాసుకోవాలన్నది ఒప్పుకుంటున్నా. చెయ్యి సంగతి మాత్రం ఒప్పుకోను.

ఓరుగల్లు_ఓలైన్
అందరు రిసీవర్ల దిక్కే చూస్తున్నరు, ముంగట అయిదుగురి సంగతి ఎవ్వరు మాట్లాడరేంది? కాలేజీకి, పైకి అసలు తేడా గక్కడుంది.

కాలేజీల శానా టీములల్ల ఏం జరుగుతది? హడిల్ (ప్లేకు ముందు అందరు గుమిగూడుడు) ఉండదు, లైన్ల నిలవడ్డంక అందరు సైడ్‌లైన్ దిక్కు తిరుగుతరు, కోచ్ డిఫెన్స్‌ని చూసి ప్లే మారుస్తడు. ప్రొటెక్షన్ (ఎవడు ఎవన్ని ఆపాల్నో) లైన్ల నడుమ ఉండే సెంటర్ చెప్తడు. పోరనికి మిగిలేది విసిరే పని ఒక్కటే. ఎన్‌ఎఫ్‌ఎల్‌ల హెల్మెట్ల రేడియో ఉన్నా ప్లే క్లాక్ 15 సెకన్లకు రాంగనే బంద్ అయితది. ఆ 15 సెకన్లు పూరాగ పోరనియే. 2024 సంది కాలేజీ పెద్ద డివిజన్‌ల గూడ రేడియో ఒచ్చింది, గందుకని ఇప్పటి టేప్‌ల సైడ్‌లైన్ దిక్కు చూసుడు తక్కువ కనవడ్తది. గంతమాత్రాన వాడే చదువుతున్నడని అనుకోవద్దు.

ఏం చూడాలంటే: మనోళ్లు అయిదుగురు బ్లాక్ చేస్తున్నరు, ఎదురుంగ ఆరుగురు ఒచ్చే తట్టుంది. ఒకడు ఖుల్లగ ఒస్తడు, వాడు క్వార్టర్‌బ్యాక్ లెక్క. స్నాప్‌కు ముందే వాడు ఎవడో తెల్వాలె. తెలిస్తే రెండు పనులల్ల ఒకటి చేస్తడు: స్లైడ్ (లైన్ మొత్తం జరుగుడు) ఆ దిక్కు తిప్పుతడు, లేకుంటే వాడు ఖాళీ చేసిన జాగల హాట్ రూట్ (జల్ది వేసే పాస్) వేస్తడు. తెల్వకుంటే శాక్. గా శాక్‌ను లైన్ మీద రాస్తరు, గది తప్పు. ప్రతి బ్లిట్జ్‌కు (ఎక్కువ మంది మీదికి ఒచ్చినప్పుడు) గీత పెట్టుండ్రి: గుర్తువట్టిండా, గుర్తువట్టి గూడ ఆలస్యం చేసిండా, అసలు చూడనే లేదా.

ఫ్రిస్కో_ఆదివారం
టీవీలో క్వార్టర్‌బ్యాక్ వేలు చూపించి "54 మైక్, 54 మైక్" అని అరుస్తుంటాడే, అది ఇదేనా?

ఓరుగల్లు_ఓలైన్
గదే. మైక్ అంటే ఎప్పుడు నడిమి లైన్‌బ్యాకరే గావాల్నని లేదు. "మన బ్లాకింగ్ లెక్క వీని కాడికెళ్లి మొదలు" అని అందరికి చెప్పుడన్నట్టు. లెక్క తప్పితే రెండు దిక్కుల తప్పుతది.

హ్యాష్‌మార్క్_53
మైదానం కొలతలు ఎవరూ ఎత్తలేదు. వెడల్పు రెండిట్లోనూ 160 అడుగులే. కాని హ్యాష్ మార్కుల (ప్లే మొదలుపెట్టే చోటుకి హద్దులైన రెండు గీతల వరసలు) మధ్య కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతి ఎడమ హ్యాష్ మీద ఉంటే కుడి సైడ్‌లైన్ 100 అడుగులు, ఎడమది 60 అడుగులే. ఆ వెడల్పు వైపు అంత నేలని డిఫెన్స్ కాపాడలేదు. రిసీవర్లని వెడల్పుగా పరిచే చాలా స్ప్రెడ్ టీములు బతికేదే ఆ పక్కన. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి ఎప్పుడూ దాదాపు నడిమధ్యనే ఉంటుంది. డిఫెన్స్ ఏ వైపు ఏ కవరేజ్ వేస్తుందో ముందే బయటపడదు.

అందుకే చెయ్యి కొలవాలంటే 60 యార్డుల బాంబులు చూడక్కర్లేదు. ఎడమ హ్యాష్ నుంచి కుడివైపు 10 యార్డుల అవుట్ (సైడ్‌లైన్ వైపు తిరిగే రూట్) చూడండి. ఏడు యార్డులు వెనక నిలబడి విసిరితే కాలేజీలో ఆ బంతి గాల్లో 35 యార్డులు ప్రయాణం చేయాలి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సుమారు 32. కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాసే డిఫెండర్) దూకేలోగా చేరిందంటే గన్ గారు అడిగిన చెయ్యి ఉన్నట్టే. ఐదు ఆటల్లో ఒక్కసారి కూడా ఆ పాస్ వేయకపోతే, కోచ్ ఎందుకు వేయించలేదో ఆలోచించాలి.

గుంటూరు_గన్
ఇది చాలా మంచి పరీక్ష. సేవ్ చేసుకున్నా.

కాని సిస్టమ్ అనే మాటకి జడిసి మహోమ్స్‌ని వదిలేసిన టీములు గుర్తున్నాయిగా? టెక్సస్ టెక్, ఎయిర్ రెయిడ్ (ఎక్కువగా పాసులే వేసే సిస్టమ్), 2016లో 5,052 యార్డులు. "అక్కడ ఎవడాడినా అంతే" అన్నారు. 2017లో పదో పిక్ దాకా ఉన్నాడు. అదే డ్రాఫ్ట్‌లో రెండో పిక్ మిచ్ ట్రుబిస్కీ.

పాకెట్_ప్లేనో
ఎయిర్ రెయిడ్ అని మహోమ్స్‌ని వదిలేసినవాళ్లు సిస్టమ్‌ని చూశారు, ప్లే విరిగిపోయాక అతనేం చేశాడో చూడలేదు. రెండూ వేర్వేరు.

టేప్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది ఒక్క ఫ్రేమ్. బంతి చేతిలోంచి విడిపోయే క్షణంలో ఆపండి. రిసీవర్ అప్పటికే తిరిగి చేతులు చాపి ఉన్నాడా, లేక ఇంకా ముందుకే పరిగెత్తుతున్నాడా? 15 యార్డుల కమ్‌బ్యాక్ (వెనక్కి తిరిగి వచ్చే రూట్), 12 యార్డుల డిగ్ (లోపలికి తిరిగే రూట్), ఈ రెండూ మంచివి ఈ పరీక్షకి. రిసీవర్ కాలు నాటకముందే బంతి వదిలితే ఊహించి వేస్తున్నాడని అర్థం. ఖాళీ కనపడ్డాకే వేస్తుంటే కాలేజీలో నడుస్తుంది, అక్కడ రిసీవర్‌కీ డిఫెండర్‌కీ మధ్య రెండు మూడు యార్డులు ఉంటాయి. పైన ఆ ఖాళీ కనపడి, చెయ్యి వెనక్కి వెళ్లి, బంతి బయల్దేరేలోగా మూసుకుపోతుంది.

తర్వాత కాళ్లు చూడండి. షాట్‌గన్‌లో (సెంటర్‌కి దూరంగా నిలబడి బంతి అందుకోవడం) మూడడుగులు, ఒక చిన్న హిచ్ (సర్దుకునే అడుగు), బంతి వెళ్లాలి. అంటే రెండున్నర సెకన్ల లోపు. మొదటి రీడ్ మూసుకుపోతే పాదాలు రెండో రీడ్ వైపు తిరుగుతాయా? కళ్లు ఒక వైపు, కాళ్లు మరో వైపు ఉన్నప్పుడు బంతి ఎటో పోతుంది. అంతకంటే పెద్ద జబ్బు, మొదటి రీడ్ పోగానే శుభ్రమైన పాకెట్‌ని (చుట్టూ బ్లాకర్లు కాపాడే చోటు) వదిలేసి బయటికి పరుగెత్తడం. అలాంటివి ఎన్నో లెక్కపెట్టండి. ప్రెషర్ లేకుండా పాకెట్ వదిలినవి ఆటకి మూడు దాటితే ఆ కుర్రాడు డిఫెన్స్‌ని చదవడం లేదు.

స్లాంట్_శిరీష
ప్లేనో గారి ఆ ఆఖరి లెక్కకీ నా శాక్ లెక్కకీ చుట్టరికం ఉంది. అవసరం లేకుండా బయటికి పోయేవాళ్లే ఎక్కువ శాకులు తింటారు. కేలబ్ విలియమ్స్ 2024 రూకీ ఏడాది 68 శాకులు. అందులో లైన్ తప్పులూ చాలా ఉన్నాయి, కాని అతని కాలేజీ యూఎస్‌సీ టేప్‌లోనే బంతి పట్టుకుని కూర్చునే అలవాటు ఉంది.

ఓరుగల్లు_ఓలైన్
శిరీష గారు, కోచ్ మారినంక తర్వాతి ఏడు గా శాకులు శానా తగ్గినయి గదా. అలవాటు అన్నరు, మరి ఎట్ల తగ్గినయి?

స్లాంట్_శిరీష
తగ్గాయి, కాదనను. లైన్ మార్చారు, అండర్ సెంటర్ (సెంటర్‌ని ఆనుకుని బంతి తీసుకునే) ఆట పెంచారు, బంతి వదిలే టైమింగ్ మీద పని చేశారు. అలవాటు మారదని నేను అనడం లేదు. మొదటి రోజుకి సిద్ధమా అన్నది ప్రశ్న. 68 శాకులే దానికి జవాబు.

మూడోడౌన్
క్వార్టర్‌బ్యాక్‌ని ఎంచుకోవడానికి కోచ్ బిల్ పార్సెల్స్ పెట్టిన నియమాలు ఎవరూ తేలేదు. సీనియర్ అయ్యుండాలి, డిగ్రీ పూర్తి చేసుండాలి, మూడేళ్లు స్టార్టర్‌గా ఆడుండాలి, 23 గెలుపులు ఉండాలి. ట్రుబిస్కీ 13 స్టార్ట్‌లు, రిచర్డ్‌సన్ 13, లాన్స్ 17. ముగ్గురూ తేలిపోయారు. ఇంకేం కావాలి?

స్లాంట్_శిరీష
ఆ జల్లెడలో టామ్ బ్రేడీ కూడా పడిపోతాడు. మిషిగన్‌లో స్టార్టర్‌గా రెండేళ్లే, గెలుపులు 20. 2000లో 199వ పిక్. మహోమ్స్ సీనియర్ కాకముందే, జూనియర్‌గానే వచ్చేశాడు.

పైగా ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారే దారి), కాలేజీలోనే డబ్బు, కోవిడ్ కారణంగా ఇచ్చిన అదనపు ఏడాది. వీటితో స్టార్ట్‌ల లెక్క ఉబ్బిపోయింది. బో నిక్స్ 61 స్టార్ట్‌లతో వచ్చాడు, జేడెన్ డేనియల్స్ 55తో. 23 ఏళ్లు దాటినవాడు 19 ఏళ్ల కార్నర్‌ల మీద ఆడితే బాగా కనపడతాడు. స్టార్ట్‌లు ఎన్నని కాదు, మొదటి పది స్టార్ట్‌లకీ ఆఖరి పదికీ తేడా ఎంతని చూడాలి. ఎల్‌ఎస్‌యూ కాలేజీలో జో బరో 2018లో 57.8 శాతం, 2019లో 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు.

కాకినాడ_కవర్2
బరో పెరుగుదలలో 2019లో వచ్చిన కోచ్ జో బ్రేడీ పాసింగ్ ఆట వాటా ఎంత, బరో వాటా ఎంత? అది టేప్‌లో విడదీయగలమా?

ఆల్22_పంతులు
కొంతవరకు విడదీయొచ్చు. ఆ ఎల్‌ఎస్‌యూ ఆటలో చాలాసార్లు పాస్ అందుకోగల ఐదుగురూ రూట్‌లకి పోయేవాళ్లు, వెనక బ్లాకర్ లేని ఎంప్టీ ఫార్మేషన్. అంటే ఓలైన్ గారు చెప్పిన ఆ ఖాళీ మనిషి (ఎవరూ బ్లాక్ చేయని రషర్) లెక్క చాలా ప్లేలకి బరో మీదే. అతను స్నాప్‌కి ముందే జవాబు పట్టుకుని విసిరేవాడు. అది సిస్టమ్ దాచిపెట్టింది కాదు, సిస్టమ్ అడిగింది. ఏ కాలేజీ ఆటనైనా ఇలాగే అడగండి: ఈ సిస్టమ్ క్వార్టర్‌బ్యాక్ నుంచి పని అడుగుతోందా, అతని దగ్గర పని తీసేస్తోందా?

ఫ్రిస్కో_ఆదివారం
రంజీలో పరుగులు కొట్టినవాడు టెస్టుల్లో నిలబడతాడా అన్నట్టుంది ఈ వ్యవహారం.

హ్యాష్‌మార్క్_53
పోలిక కొంతవరకే. రంజీలో బంతి వేగం తగ్గొచ్చు గాని నియమాలు అవే, 22 గజాల పిచ్ అదే. ఇక్కడ హ్యాష్ వేరు, లైన్‌మెన్ నియమం వేరు, రిసీవర్‌కి కాలేజీలో ఒక్క కాలు లోపల పడితే చాలు, పైన రెండూ పడాలి. సైడ్‌లైన్ దగ్గర బంతిని అడుగు లోపలికి వేయాలి. ఆ అడుగులోనే కార్నర్‌బ్యాక్ ఉంటాడు.

గుంటూరు_గన్
ప్రో డే (డ్రాఫ్ట్‌కి ముందు టీముల ఎదుట విసిరి చూపించే రోజు) చూడాలా వద్దా?

పాకెట్_ప్లేనో
గాయం తర్వాత ఎలా కదులుతున్నాడో చూడ్డానికి మాత్రమే. ఎదురుగా రష్ ఉండదు, కవరేజ్ ఉండదు, ముందే రాసుకున్న 60 చిల్లర పాసులు. 2021లో జాక్ విల్సన్ పరిగెడుతూ అడ్డంగా విసిరిన ఒక్క బంతి వారం రోజులు టీవీలో తిరిగింది, రెండో పిక్ అయ్యాడు. 2014లో టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ ప్రో డేలో తడబడి 32వ పిక్ దాకా జారాడు. టేప్ మీద అతను అంతకంటే చాలా మెరుగు.

చేతి కొలత గురించీ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. బరో అరచెయ్యి వెడల్పు 9 అంగుళాలు. అంగుళాలు కాదు, వానలోనూ చలిలోనూ ఎన్నిసార్లు బంతి జారవిడిచాడో చూడండి.

మూడోడౌన్
సరే, పార్సెల్స్‌ని వదిలేస్తున్నా. ఇంకో ప్రశ్న. సిద్ధంగా లేనివాణ్ణి కూర్చోబెట్టాలా, ఆడిస్తూ నేర్పాలా? మహోమ్స్ ఏడాదంతా అలెక్స్ స్మిత్ వెనక కూర్చుని ఒక్క ఆట ఆడాడు. ఆరన్ రాడ్జర్స్, జోర్డాన్ లవ్ మూడేసేళ్లు. మరోవైపు పేటన్ మానింగ్ 1998లో మొదటి రోజు నుంచీ ఆడి 28 ఇంటర్‌సెప్షన్లు వేశాడు, 3 గెలుపులు, 13 ఓటములు. మరుసటి ఏడు అవే అంకెలు తిరగబడి 13 గెలుపులు, 3 ఓటములు.

ఆల్22_పంతులు
ఏ రకం తప్పు అన్నదాన్ని బట్టి. మానింగ్ తప్పులు చూసి వేసిన తప్పులు: కవరేజ్ అర్థమైంది, కిటికీ ఎంత త్వరగా మూసుకుంటుందో అంచనా తప్పింది. అది ఆడితేనే తెలుస్తుంది. ప్రొటెక్షన్ తెలియనివాణ్ణి, ఖాళీ మనిషిని గుర్తుపట్టలేనివాణ్ణి ఆడిస్తే దెబ్బలు తిని భయం నేర్చుకుంటాడు. బంతి విసిరే ముందే రష్ వైపు చూడడం మొదలెడతాడు. ఆ చూపు ఒకసారి కిందికి దిగితే మళ్లీ పైకి ఎత్తించడానికి ఏళ్లు పడుతుంది.

స్లాంట్_శిరీష
ఎత్తించవచ్చు కూడా. సామ్ డార్నల్డ్ 2018లో మూడో పిక్, జట్లు మారీ మారీ 2024లో మిన్నెసోటాలో 35 టచ్‌డౌన్లు, 14 గెలుపులు. బేకర్ మేఫీల్డ్ అదే డ్రాఫ్ట్‌లో ఒకటో పిక్, 2024లో టాంపాకి 41 టచ్‌డౌన్లు. "తయారయ్యాడా" అన్నదానికి "ఎవరి దగ్గరికి పోతున్నాడు" అన్న గడి కూడా ఒకటి ఉండాలి.

కాకినాడ_కవర్2
మీరంతా చెప్పినవి కలిపి కాగితం గీశాను. వరసగా: సేఫ్టీలు ముందు, సేఫ్టీలు తర్వాత, ఖాళీ రషర్‌ని గుర్తుపట్టాడా, రీడ్ సంఖ్య, బంతి వదిలినప్పుడు రిసీవర్ తిరిగాడా లేదా, పాకెట్ ఊరికే వదిలాడా, బంతి చేరిన చోటు, తప్పితే ఏ దిక్కు, ఫలితం. మొత్తం 9 గడులు. స్క్రీన్లు, ఆర్‌పీఓలు లేవు. ఏదైనా తప్పా?

ఓరుగల్లు_ఓలైన్
బ్లాకర్లు ఎంతమంది, రషర్లు ఎంతమంది, గా రెండు అంకెలు వెయ్యి. గవి లేకుంటే మూడో గడికి అర్థం లేదు.

పాకెట్_ప్లేనో
సేఫ్టీలు ఇద్దరు లోతుగా నిలబడి స్నాప్ తర్వాత ఒకడు మధ్యలోకి దిగే ప్లేలకి పక్కన చుక్క పెట్టుకోండి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆదివారం మొత్తం చూపించేది అదే. చుక్క ఉన్నవి విడిగా తీసి, వాటిలో మొదటి రీడ్‌కే వేసినవి ఎన్నో చూడండి. మధ్యలోకి దిగినవాడి మీదికే స్లాంట్ వేసి బతికిపోయినవి ఉంటాయి. కంప్లీట్ అయినా సరే వాటిని తప్పుగానే రాయండి.

హ్యాష్‌మార్క్_53
హ్యాష్ కూడా. ఎడమ, మధ్య, కుడి. ఒక్క అక్షరం చాలు.

కాకినాడ_కవర్2
12 గడులు, పక్కన చుక్క. చెత్తగా ఆడిన ఆటతో మొదలుపెడుతున్నా. మొదటి 20 డ్రాప్‌బ్యాకులు ఇక్కడే పెడతా, తప్పులుంటే దిద్దండి.

ఆల్22_పంతులు
ఎండ్‌జోన్ యాంగిల్ (మైదానం చివర నుంచి తీసిన వీడియో) దొరికితేనే మూడో గడి నింపండి. టీవీ కెమెరాలో సేఫ్టీలు ఫ్రేమ్ బయట ఉంటారు, అప్పుడు మొదటి రెండు గడులు ఖాళీగా వదిలేయండి, ఊహించి రాయొద్దు.